ఏ సరుకు ఏ దుకాణంలో

మార్చి మొదటి వారం, హన్మకొండ.

నెల సామాను చిట్టీ ఈసారి పొడుగైంది. మామూలు సరుకులకు తోడు ఏడాదికి సరిపడా కొనే మిర్చి, పసుపు, చింతపండు కొత్తవి దిగే రోజులు ఇవే. చిట్టీని సామాన్ల వరుసలో కాకుండా దుకాణాల వరుసలో రాసుకుంటే సగం తిరుగుడు తప్పుతది.

దుకాణం ఎంచుకునేటప్పుడు ధర రెండోది. మొదట చూడాల్సింది, ఆ సరుకు అక్కడ ఎంత జల్దీ తిరుగుతది అని. గల్లీ కిరాణంలో కందిపప్పు బస్తా వారంలో అడుగంటుతది, అదే కొట్లో గసగసాల డబ్బా నెలలకు నెలలు కూర్చుంటది. పెద్ద మార్టులో సబ్బులు రోజూ కొత్త పెట్టెలు దిగుతయి, జొన్నపిండి ప్యాకెట్ మాత్రం తేదీ చూడకుండా ముట్టొద్దు. ఒక్క దుకాణమే మంచిది అనే మాట అందుకే కుదరదు.

బియ్యం ముందు. రేషన్ కార్డు ఉన్నోళ్లకు 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నయి. నలుగురుంటే 24 కిలోలు. రెండు పూటలా అన్నమే తినే ఇంటికి చుట్టాలు రానంతవరకు నెల గడుస్తది. తక్కువ పడితే, అసలు కార్డే లేకపోతే, బియ్యం ఒక్కటే అమ్మే దుకాణం మేలు. అక్కడ బస్తాల మీద 26 కిలోలని ఉండేది ఊరికే కాదు. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా పేరు ముద్రించి కట్టిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ పడ్డది, 25 దాటితే లేదు. మిల్లులోళ్లు ఒక కిలో కలిపి కుట్టిన్రు. బస్తా ధరకు బస్తా ధర పోల్చొద్దు, కిలోకు ఎంత పడ్డదో తీయాలె. పైన రాసిన పేరు మిల్లు పెట్టుకున్న పేరే. లోపల ఉన్న రకం హెచ్‌ఎంటీనా, జై శ్రీరామా, తెలంగాణ సోనానా అన్నది అడిగితేనే చెప్తరు.

వానాకాలం బియ్యమా, యాసంగివా అని కూడా అడగాలె. యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తయి, గింజ పగిలి మిల్లులో నూక ఎక్కువైతది. ఇప్పుడు దుకాణాల్లో ఉన్న కొత్త బియ్యం వానాకాలం పంటవి, మూడు నాలుగు నెలలవి. వీటికి పాత బియ్యానికి పోసినన్ని నీళ్లు పోస్తే అన్నం ముద్దయితది. గ్లాసుకు రెండు గ్లాసులతో మొదలువెట్టి, మెత్తబడితే పావు గ్లాసు తగ్గించి చూసినంకనే దుకాణపాయనను అనాలె.

కందిపప్పు గల్లీ కిరాణంలోనే. విడిగా తూచి పోసే పప్పుకు జీఎస్టీ లేదు, బస్తా తొందరగా తిరుగుతది, బాగలేకపోతే వాపస్ ఇచ్చేందుకు తెలిసిన మనిషి ఉంటడు. తళతళ మెరిసేది మంచి పప్పని కాదు, నూనెతోనో నీళ్లతోనో పాలిష్ పట్టిన మెరుపది. అరచేతిలో రుద్దితే నూనె జిడ్డు తెలుస్తది. గ్లాసు నీళ్లలో గుప్పెడు వేసినప్పుడు తెల్లటి మడ్డి తేలితే మామూలే, వెంటనే పసుపు రంగు దిగితే రంగు పట్టించినట్టు. గుండ్రటి పప్పుల మధ్య పలకలుగా, అంచులు తేలి ఉన్న గింజలు కనబడితే కేసరి పప్పు కలిసినట్టు, అది కొనొద్దు. ఎన్ని విజిళ్లకూ ఉడకని పప్పు పాతదన్నా కావాలె, బోరు నీళ్లన్నా ఉప్పనివి కావాలె. అదే పప్పును నల్లా నీళ్లతో ఓసారి వండితే తప్పెవరిదో తేలిపోతది. కొత్త బస్తా విప్పినప్పుడు ముందు పావుకిలో, నచ్చితే మిగతాది.

మిర్చి దగ్గర నిదానం కావాలె. వరంగల్ ఏనుమాముల మిర్చి మార్కెట్ ఇంత దగ్గర పెట్టుకొని బయట కొనుడేంది అనిపిస్తది గానీ, యార్డులో ఇంటికి కావలసిన నాలుగైదు కిలోలు ఎవరూ తూచియ్యరు. అది రైతుకు, అడ్తిదారుకు, ఖరీదుదారుకు మధ్య బస్తాల లెక్కన నడిచే బేరం. యార్డు ధర పేపర్లో చూసుకొని వరంగల్ బీట్ బజార్ దుకాణాలకు పోతే మాత్రం బేరానికి ఆధారం దొరుకుతది. పేపర్లో ఉండేది క్వింటాలు ధర. వందతో భాగిస్తే కిలోది, దాని మీద హమాలీ, ఏరుడు కూలి, తరుగు, దుకాణం లాభం కలుస్తయి. యార్డు ధరకే ఇస్తా అన్నోని దగ్గర కుప్పను ఇంకోసారి తిరగేసి చూడాలె.

తేజ రకం మిర్చి సన్నగా ఉంటది, మంట ఎక్కువ. చపాటా పొట్టిగా లావుగా ఉంటది, అందుకే టమాట మిర్చి అని కూడా అంటరు. రంగు బాగా ఇస్తది, కారం తక్కువ. వరంగల్ చపాటాకు 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. రెండు వంతులు చపాటా, ఒక వంతు తేజ కలిపి పట్టిస్తే కూర ఎర్రగా ఉంటది, నాలుక మండదు. చిన్నపిల్లలున్న ఇంట్లో మూడుకు ఒకటి చాలు.

కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలె, వంచితే పటుక్కున విరగాలె. తోలు లెక్క వంగితే తేమ ఉన్నట్టు. నీళ్లకు పైసలిచ్చుడే కాకుండా తొందరగా బూజు పడ్తది. నాలుగు కాయలు చీల్చి కడుపులో చూడాలె, పైకి ఎర్రగా ఉండి లోపల బూడిద రంగు బూజు ఉన్నయి తగులుతయి. తెల్లబారినయి తాలు. తాలు ఎక్కువున్న కుప్ప చవకే గానీ ఆ కారం ఏ కూరకూ రంగు రానియ్యది. ఏసీ సరుకు అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టిన పోయినేటి మిర్చి. బయటికి తీసినప్పుడు ఎర్రగనే ఉంటది, తర్వాత తొందరగా వెలుస్తది. కొత్త కాయ వచ్చే ఈ నెలల్లో దాని జోలికి పోయే పని లేదు.

తెచ్చినంక తొడిమలు తీసి రెండు రోజులు గట్టి ఎండకు పెట్టాలె. కిలో మిర్చికి కిలో కారం రాదు. తొడిమ, తేమ పోతయి, గిర్నిలో కొంత మిగుల్తది, చిట్టీలో ఆ తరుగు కలుపుకొనే రాయాలె. గిర్నికి పోయినప్పుడు ముందు ఏం పట్టిన్రో అడగాలె. కారం పట్టిన వెంటనే పసుపు పోస్తే రెండూ పాడు. పట్టిన కారం వేడిగా ఉంటది, అట్లనే డబ్బాకెత్తితే ఆవిరికి గడ్డలు కడ్తది. బట్ట మీద పరిచి పూర్తిగా చల్లారినంకనే ఎత్తాలె.

పసుపు పొడి కంటే కొమ్ములే నయం. విరిస్తే లోపల ముదురు నారింజ రంగుండాలె, పైనున్న పచ్చదనం చేతికి అంటుకుంటే రంగు పూసినట్టు. ముందు రోట్లో దంచి ముక్కలు చేయకపోతే గిర్నాయన వాపస్ పంపుతడు. చింతపండు కొత్తది లేత గోధుమరంగు, పచ్చిపులుసుకు అదే బాగుంటది. గింజ తీసినదానికి, తీయనిదానికి ధర వేరు, ఏది చెప్తున్నరో అడిగి తూయించుకోవాలె. దొడ్డుప్పు చల్లి జాడీలోకి. రాగి, ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు వద్దు, పులుపు లోహాన్ని తింటది.

నూనెలో మోసపోయేది కొలత దగ్గర. లీటరు పొద్దుతిరుగుడు నూనె దాదాపు 910 గ్రాములు. ప్యాకెట్లన్నీ ఒకే ఎత్తున కనబడ్తయి గానీ కొన్నిట్ల 850 గ్రాములే ఉంటది. గానుగ పల్లి నూనెకు ఇంకో లెక్క. లీటరుకు రెండున్నర కిలోల పైనే పల్లీలు పడ్తయి. ఆ పల్లీల ఖరీదు కంటే బాగా తక్కువకు ఎవరన్నా గానుగ నూనె అమ్ముతుంటే, నూనె తీసినంక మిగిలే పల్లి చెక్క మీద ఎంత వచ్చినా లెక్క కుదరదు.

కూరగాయలు రైతు బజార్‌లోనో వారపు అంగడిలోనో. 1999లో మొదలైన రైతు బజార్లలో ఆనాటి ధరలు బోర్డు మీద రాస్తరు. లోపలికి పోయేముందు ఫోన్లో ఫొటో తీసుకుంటే ప్రతి చోట అడిగే పని తప్పుతది. పుంటికూర, పాలకూర పొద్దున. చీకటి పడ్డంక చవకే, తెల్లారేసరికి సగం కట్ట వడిలిపోతది. ఉల్లిగడ్డ ఈ నెల ఎక్కువ కొనొద్దు. ఏప్రిల్ నుంచి వచ్చే యాసంగి గడ్డ, మెడ ఎండి పొర గట్టిగా ఉన్నది, నెలల తరబడి ఆగుతది.

మార్టుకు సబ్బులు, సర్ఫు, బిస్కెట్లు, టీ పొడి. అక్కడ పనికొచ్చే అంకె ఎంఆర్‌పీ పక్కన చిన్నగా ముద్రించే గ్రాము ధర. పెద్ద ప్యాకే చవక అని గుడ్డిగా నమ్మొద్దు, షాంపూ సాచెట్లు చాలాసార్లు సీసా కంటే తక్కువ పడ్తయి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నదగ్గర ఎక్స్‌పైరీ తేదీ చూడాలె, బిల్లు కౌంటర్ దాటకముందే షెల్ఫు మీది ధరతో సరిచూసుకోవాలె. ఎంఆర్‌పీ మీద ఎక్కువ అడిగితే ఫిర్యాదుకు 1915 నంబరున్నది. పోయివచ్చే ఖర్చు కూడా లెక్కే. కాజీపేట నుంచి వరంగల్ రానుపోను ఇరవై కిలోమీటర్ల పైన, బండికి అర లీటరు పెట్రోలు. యాభై రూపాయల తేడా కోసం ఆ తిరుగుడు దండగ. ఏడాది మిర్చికైతే పోవచ్చు.

కాంటా ఎక్కడైనా ముందు సున్నా చూపాలె, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలె. అనుమానమైతే అక్కడే ఉన్న కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టమంటే చాలు. కవరు బరువుతో కలిపి కిలోకు నాలుగైదు గ్రాములు పైన చూపాలె, అంతకు బాగా ఎక్కువ చూపితే మనకు తక్కువ తూగుతున్నట్టు.

ఉద్దెర పుస్తకం గల్లీ కిరాణంలో తప్ప ఎక్కడా దొరకదు, దాని విలువ నెలాఖరుకు తెలుస్తది. సరుకు పేరు, తూకం, ధర మూడూ రాయించాలె. ఉత్త మొత్తం రాస్తే నెల తర్వాత ఎవరికీ యాది ఉండదు. అక్కడ ఉద్దెర పెట్టి నగదు మొత్తం మార్టులో పోస్తే ఆ పుస్తకం ఎక్కువ రోజులు నడవదు, అందుకే పప్పు, చక్కెర, రవ్వ అక్కడికే.

చిట్టీలో ఇంకా కొట్టేయనిది పసుపు ఒక్కటే. ఈ వారమంతా గిర్నిలో మిర్చే పడ్తున్నరు.