ఆ అబ్బాయి పేరు

మా ప్రార్థన మందిరం మీద రాళ్లు పడిన రాత్రి నేను ఊళ్లో లేను. తమ్ముడు ఉన్నాడు. తలుపుకు అడ్డం నిలబడితే కర్రతో కొట్టారు, ఎడమ మోచేయి విరిగింది. తెల్లారి నేను బస్సు దిగి వచ్చేసరికి అమ్మ కిటికీ అద్దం పెంకులు ఏరి చేటలో వేస్తోంది. పిల్లలు కూర్చునే చోటని, చీపురుతో ఊడ్చిన నేలనే మళ్లీ అరచేత్తో మెల్లగా తడిమి చూస్తోంది.

కొట్టినవాళ్లలో ఒకడు మా వీధి చివరి ఇంటి అబ్బాయి. చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంట్లో అరిసెలు తిన్నవాడు. నాకు అదే మింగుడు పడలేదు.

అది 2023 వేసవి. ఫోన్ తీస్తే మణిపూర్‌లో తగలబడిన చర్చిలు, కాలిన ఇళ్లు. రాత్రి వీధిలో బైక్ ఆగితే చాలు, గుండె దడ. 'మీ హృదయమును కలవరపడనియ్యకుడి' అని సండే స్కూల్లో పిల్లల చేత వల్లె వేయించేది నేనే. నాకు మాత్రం నిద్ర లేదు. ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం వస్తే వెనక కూర్చుని, అవి తీసుకోకుండా వచ్చేసేవాణ్ణి. అర్పణ అక్కడే వదిలి, ముందు సహోదరుడితో సమాధానపడమన్నారు ప్రభువు. నేను సమాధానపడలేదు. పడాలనీ లేదు.

అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకు ప్రార్థన చేస్తుంది. అక్క కానుపు, తమ్ముడి చెయ్యి, పక్కింటి మామ్మ షుగరు, ఆ వరసలోనే ఆ అబ్బాయి పేరు. వినలేక దుప్పటి ముసుగు తన్నేవాణ్ణి. ఒకరోజు అడిగేశాను.

"వాడి పేరెందుకమ్మా?"

"కోపం పెట్టుకుంటే ప్రార్థన గొంతు దాటట్లేదురా. వాడి పేరు చెప్పాకే నీ పేరు నోటికొస్తోంది."

ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియా మిషనరీ గ్లాడిస్ స్టెయిన్స్ గురించి మళ్లీ చదివాను. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, జీపులో నిద్రపోతున్న ఆమె భర్త గ్రాహమ్‌నీ, 10 ఏళ్ల ఫిలిప్‌నీ, 6 ఏళ్ల తిమోతినీ సజీవంగా కాల్చేశారు. ఆమె క్షమించానంది. చిన్నప్పుడు అయ్యగారు ప్రసంగంలో చెప్తే విని, గొప్ప మాట అనుకున్నాను. ఈసారి నన్ను పట్టుకుంది ఆ తర్వాతి సంగతి. ఆమె వెంటనే దేశం విడిచి వెళ్లిపోలేదు. కూతురు ఎస్తేర్‌ని పెట్టుకుని, బారిపదలో భర్త చూసుకున్న కుష్ఠురోగుల మధ్యే ఏళ్ల తరబడి ఉండిపోయింది. శిక్ష సంగతి కోర్టు చూసుకుంది.

మా కేసూ నడుస్తోంది. తమ్ముడు ప్రతి వాయిదాకీ వెళ్తున్నాడు. క్షమించడమంటే కేసు ఎత్తేయడం కాదని అమ్మే వాడికి చెప్పింది.

మొన్న శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నా వంతు వచ్చింది. ఆ అబ్బాయి పేరు ఎత్తాను. తర్వాత ఏం అడగాలో తెలియక, పేరు మాత్రం చెప్పి ఆగిపోయాను. పక్కన మోకరించిన తమ్ముడు "ఆమేన్" అన్నాడు. వాడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు.

ఊళ్లో ఏదీ మారలేదు. మందిరం కిటికీలకు అద్దాల బదులు ఇనుప రేకులు బిగించాం. అయినా ఇన్నాళ్లూ గుండె మీద ఉన్న బరువు దిగింది. నా వల్ల అయ్యేది కాదు అది, ప్రభువే దించారు. ఆ రాత్రి కూడా వీధిలో ఏదో బైక్ ఆగే ఉంటుంది. నాకు తెలీదు, నిద్రపోయాను.