నీటి గుంటల్లో నీరిస్: హనుమకొండ నుంచి విశాఖ తీరానికి

హనుమకొండలో గానీ, జనగామలో గానీ, జంతుశాస్త్రం చెప్పే ఏ కాలేజీ ల్యాబులోకి వెళ్లినా అద్దాల బీరువాలో ఫార్మలిన్ సీసాలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒకదానిలో రంగంతా పోయి పాలిపోయిన నీరిస్ అనే సముద్రపు పురుగు వేలాడుతూ ఉంటుంది. పార్శ్వపాదాలు (ఒంటి పక్కల ఉండే కాళ్ల వంటివి) ఇవి, శూకాలు (వాటి మీది ముళ్ల వంటి వెంట్రుకలు) ఇవి అని దాని బొమ్మ వేయించి, పేర్లు రాయించి, రికార్డులో సంతకాలు పెట్టిన అధ్యాపకులలో నేనూ ఒకడిని. ఉద్యోగ విరమణ తరువాత, డిగ్రీలో వృక్ష, జంతు, రసాయన శాస్త్రాల బీజెడ్‌సీ చదువుతున్న మా మేనకోడలిని వెంటబెట్టుకొని, ఆ జీవిని అది బతికే చోటనే చూడాలన్న ఒక్క పనిమీద విశాఖపట్నం బయలుదేరాను.

తేదీని పంచాంగం చూసి పెట్టుకున్నాము. అమావాస్య, పున్నమి రోజుల చుట్టూ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే రేఖ వెంట పనిచేసి ఆటుపోట్ల తేడా పెరుగుతుంది. విశాఖ తీరంలో ఆ రోజుల్లోనూ ఆ తేడా సుమారు ఒకటిన్నర మీటరే కనుక మామూలు రోజుల్లో వెళితే చూడవలసిన రాళ్లు చాలావరకు నీటిలోనే ఉండిపోతాయి. అమావాస్య సమయంలో అక్కడ నీరు బాగా వెనక్కి తగ్గేది మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో. మాకు అదే కావాలి. వరంగల్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగవచ్చు. రైలు ప్రయాణం గురించి అంతకంటే చెప్పవలసింది ఏమీ లేదు.

జోడుగుళ్లపాలెం వైపు తీరంలో, ఖోండలైట్ రాళ్ల మధ్య నీరు తీసిన తరువాత మిగిలే గుంటలు కొన్ని అరచేయంత, కొన్ని గదంత ఉంటాయి. గాలం వేసుకొని బతికే ఒక పెద్దాయన మాకు దారి చూపడానికి ఒప్పుకున్నాడు. ఆయన నాచు, రాతికి అతుక్కొని పెంకుల్లో బతికే బార్నకిల్స్ కలిసి గట్టిపడిన పొరను కత్తి మొనతో కొద్దిగా పైకి లేపి, "ఇదిగో బాబూ, గాలానికి దీన్నే గుచ్చుతాం" అని వేలెడు పొడవున్న పురుగును మా తెల్ల పళ్లెంలోని ఉప్పునీటిలో వేశాడు. నీరిస్ జాతులలో ఒకటి అది.

సీసాలో కనిపించనివన్నీ ఆ పళ్లెంలో కనిపించాయి. ఒళ్లు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు. ఎండ పడిన చోట చర్మం మీద నీలం, ఊదా మెరుపులు కదిలాయి. వీపు మధ్యగా పోయే రక్తనాళంలో ఎర్రటి రక్తం తోక నుంచి తల వైపు అలలుగా సాగడం కంటికి తెలిసింది. దీని హిమోగ్లోబిన్ మనకు లాగా రక్తకణాలలో ఉండదు, ప్లాస్మాలోనే కరిగి ఉంటుంది. పార్శ్వపాదాలు ఒక పక్క ముందుకు వంగితే రెండో పక్క వెనక్కి వాలుతూ, ఆ కదలిక ఖండం వెంట ఖండం ముందుకు పాకుతుంది. పెద్దాయన తల వెనుక మెల్లగా నొక్కగానే గ్రసని (గొంతు భాగం) బయటికి తిరగబడి రెండు నల్లని కొక్కేల దవడలు తెరుచుకున్నాయి. ఆ దవడల గట్టిదనానికి వాటిలోని జింకు ఒక కారణం. ఇంతటి ప్రాణిని మన సిలబస్ ఒక అడ్డుకోత పటంగా కుదించి పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఆ పళ్లెం ముందు కూర్చున్నాక మరీ నచ్చలేదు.

పక్క గుంటలో రాయిని తిప్పి చూస్తే, బురద, ఇసుక అతికించి కట్టుకున్న గొట్టంలో టెరిబెల్లిడ్ అనే రకం పురుగు ఒకటి ఉంది. పురుగు లోపలే ఉండి, తీగల వంటి తెల్లని స్పర్శకాలను మాత్రం మూరెడు దూరం దాకా నేలమీద పరిచింది. "మామా, ఎవరో సేమియా ఒలకబోసినట్టున్నది గదనే" అన్నది మా మేనకోడలు. ప్రతి స్పర్శకానికీ పొడుగునా ఒక గాడి ఉంటుంది. అందులో కదిలే నూగు వంటి సన్నని శైలికలు ఆహారపు రేణువులను నోటి దాకా మోసుకుపోతాయి. చేతి భూతద్దంలో ఒక ఇసుక రేణువు గాడి వెంట కొంత దూరం నడిచి, పక్కకు జారిపోవడం చూశాము.

ఇంకో రాయి కింద గులాబి రంగు ఒంటికి రెండు పక్కలా తెల్లని కుచ్చులున్న పురుగు కనిపించగానే ఆమె చెయ్యి చాచింది. "సెయ్యెట్టకమ్మా, మండిపోద్ది!" అని పెద్దాయన గట్టిగా అరిచాడు. అది నిప్పుపురుగుల కుటుంబంలోనిది. ఆ కుచ్చుల్లోని శూకాలు సున్నంతో తయారైనవి, లోపల బోలుగా ఉంటాయి, తాకితే విరిగి చర్మంలో దిగబడి గంటల తరబడి మండిస్తాయి. దిగబడిన వాటిని అంటుకునే టేపు వేసి లాగడం మంచిది, రుద్దితే ఇంకా లోపలికి పోతాయి. రాయిని తిప్పినంత మెల్లగా మళ్లీ యథాస్థానంలో పెట్టాము. ఎండకు వదిలేసిన రాయి కింది ప్రాణులు కొద్దిసేపట్లోనే చచ్చిపోతాయి.

ఎక్కువ సేపు మేము ఆగింది గొట్టాలు కట్టుకొని బతికే పురుగులైన సెర్ప్యులిడ్‌ల దగ్గర. రాతికి అతుక్కున్న వంకర తెల్ల సున్నపు గొట్టాలు, ఒక్కో దాని మూతి నుంచి బయటికి విచ్చుకున్న సన్నని ఈకల కిరీటం. శ్వాసా, ఆహార సేకరణా రెండూ దానితోనే. ఒక ఈక మూతగా మారి, పురుగు లోపలికి పోగానే గొట్టం మూతిని బిగిస్తుంది. మా మేనకోడలి చేతి నీడ పడీ పడకముందే కిరీటాలన్నీ మాయమయ్యాయి. శరీరం పొడుగునా సాగే లావుపాటి నరపు తంతువు వార్తను అంత వేగంగా చేరవేస్తుంది. బయటికి రావడానికి మాత్రం తొందర ఉండదు. ఆమె పట్టుబట్టి నీడను మళ్లీ మళ్లీ వేసింది. కొంతసేపటికి కొన్ని పురుగులు లోపలికి పోవడం మానేశాయి. వచ్చిపోయే నీడ వల్ల హాని లేదని అవి అలవాటుపడ్డాయి. ఏ ల్యాబు బల్ల మీదా చూపించలేని ప్రయోగం ఇది, ఖర్చు కూడా లేదు.

విశాఖ ఓడరేవులో ఇదే కుటుంబానికి చెందిన హైడ్రాయిడిస్ ఎలిగాన్స్ ఓడల అడుగుభాగానికి దట్టంగా పట్టి, నీటిలో ఒరిపిడిని పెంచి, ఇంధనం ఖర్చు పెంచుతుంది. బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామిని మన వైపు కాలేజీ పిల్లలంతా చూసి వస్తారు, రంగు వేసిన దాని శుభ్రమైన ఒంటిని బట్టి ఈ సంగతి ఊహించలేరు. పగడపు దిబ్బలున్న అండమాన్, లక్షద్వీప్ ప్రాంతాలలో ఈ కుటుంబంలోనే రెండు శంఖాకారపు కిరీటాలతో, ఎరుపు, నీలం, పసుపు రంగులలో స్పైరోబ్రాంకస్ ఉంటుంది. దాని డింభకం (గుడ్డు నుంచి వచ్చే పిల్ల దశ) బతికున్న పగడం మీద దిగి, పగడం పెరిగే కొద్దీ తన గొట్టాన్నీ పెంచుకుంటూ అందులోనే కూరుకుపోతుంది. విశాఖ రాళ్ల మీద అంతటి దిబ్బలు లేవు.

సున్నం మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. నర్సంపేట దగ్గరి పాఖాల చెరువు పేరుతోనే భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే పాఖాల శిలలలోని సున్నపురాయి వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం లోతు తక్కువ సముద్రంలో పేరుకున్నది. మా వైపూ సముద్రం ఉండేది. కానీ శూకాలున్న పురుగుల ఆనవాళ్లు దొరికేది సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి కేంబ్రియన్ శిలల నుంచే కనుక, ఆ సముద్రంలో నీరిస్ ఉండే అవకాశం లేదు.

చూడలేకపోయింది హెటిరోనీరిస్. సంతానోత్పత్తి వేళకు నీరిస్ జాతులు కొన్ని రూపం మార్చుకుంటాయి: కళ్లు పెద్దవవుతాయి, వెనుక భాగపు పార్శ్వపాదాలు ఈదే తెడ్లుగా మారతాయి. చంద్రుని దశను అనుసరించి రాత్రివేళ గుంపులుగా పైకి వచ్చి, అండాలనూ శుక్రకణాలనూ నీటిలో వదిలి చనిపోతాయి. "రాత్రి లైటు ఏస్తే పైకొచ్చి తిరుగుతాయి" అన్నాడు పెద్దాయన.

మన వైపు కాలేజీలకు విశాఖ విహారయాత్ర అంటే అరకు, కైలాసగిరి, ఆపై సముద్రం దగ్గర ఫొటోలకు అరగంట. అమావాస్యకో పున్నమికో దగ్గరగా తేదీ పెట్టుకొని, నీరు తగ్గే వేళకు గంట ముందు చేరితే రెండు గంటల్లో ఇవన్నీ చూపించవచ్చు. కాలికి పట్టున్న బూట్లు, ఒక తెల్ల పళ్లెం, భూతద్దం, తీరం తెలిసిన స్థానికుడు ఒకరు ఉంటే సరిపోతుంది. ఫార్మలిన్ సీసా తీసుకుపోవలసిన అవసరం లేదు.