విప్పిన వరసలోనే బిగింపు: వెనక హబ్ పని

ఇప్పుడు స్టాండు మీద ఉన్నది తెలిసినవాళ్ల సైకిల్. వెనక చక్రం గరగరమంటోందని ఇచ్చారు. పానా పట్టకముందే నాలుగు వైపులా ఫొటోలు తీశాను, సీటు ఎత్తు కొలిచి చీటీ మీద రాశాను. దాని కిందే "వెనక గరగర, ఎక్కుడులో ఎక్కువ" అని వాళ్ల మాటల్లోనే రాసుకున్నాను. ఆ చీటీ ఈ సైకిల్ సామాన్ల డబ్బాలోనే ఉంటుంది. ఒక సైకిల్‌కి ఒకటే డబ్బా.

హబ్, అంటే చక్రం నడిమి భాగం, విప్పాను. లాక్‌నట్టు, వాషరు, స్పేసరు (మధ్య ఎడం ఉంచే రింగు), కోను (బాల్స్ ఆనుకుని తిరిగే ముక్క) ఏ వరసలో ఊడివచ్చాయో అదే వరసలో సన్నతీగకి గుచ్చి ముడేశాను. కుడి పక్క దండకి ఎర్ర టేపు. రెండు వైపుల స్పేసర్ల మందం వేరు కాబట్టి అవి తారుమారైతే చక్రం ఫ్రేము మధ్యలో కూర్చోదు.

బేరింగ్ బాల్స్ మూత ఉన్న గిన్నెలో వేశాను. మామూలుగా వెనక హబ్‌లో పావు అంగుళంవి పక్కకి 9, ముందు హబ్‌లో 3/16 అంగుళంవి పక్కకి 10 ఉంటాయి. ఇందులో కొన్ని బాల్స్‌కీ, కోన్లకీ గుంటలు పడ్డాయి. అలాంటప్పుడు మొత్తం సెట్ మార్చాల్సిందే. అరిగినవాటిలో కొత్తవి కలిపితే బరువంతా కొత్తవాటి మీదే పడుతుంది.

గరగర సంగతి అలా తేలింది. కానీ చైను కూడా సాగింది. 12 పూర్తి లింకులు (లోపలిది, బయటిది కలిపి ఒకటి) సరిగ్గా 12 అంగుళాలు రావాలి. 1/16 అంగుళం ఎక్కువ వస్తే మార్చాలి. 1/8 దాకా వదిలేస్తే ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రం) పళ్లు కూడా అరిగిపోయి, కొత్త చైను వాటి మీద జారుతుంది. ఇక్కడ కొలత 1/16 దాటింది. అయినా చెప్పకుండా మార్చలేదు. వాళ్లని పిలిచి, చైను మీద కొలత టేపు పెట్టి వాళ్లనే చదవమన్నాను. చదివాక వాళ్లే మార్చేయమన్నారు.

పాత కోన్లు, బాల్స్, చైను కవర్లో కట్టి ఉంచాను. కోను మీద గోరుతో గీస్తే గుంట తగులుతుంది, అది చూపించే ఇస్తాను. పాతవి చూపించకుండా "మార్చేశాను" అంటే ఎవరైనా ఎలా నమ్ముతారు? అవి వాళ్ల వస్తువులు, పారేయాలో వద్దో వాళ్లిష్టం.

కొత్త గ్రీజు పెట్టి కోన్లు బిగించడం అయింది. ఇరుసు చేత్తో తిప్పితే నున్నగా తిరుగుతోంది, పక్కకి ఊగడం లేదు. ఇక పెడల్స్ మిగిలాయి. ఎడమదానికి మర ఎదురు దిక్కుకి తిరుగుతుంది కాబట్టి, ఊడదీయగానే రెండింటికీ వేరువేరు చీటీలు కట్టాలి.