ఫినాయిల్ వాసన వస్తే శుభ్రంగా ఉన్నట్టేనా?

నా బిడ్డ 34 వారాలకే పుట్టింది. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి, పదకొండు రోజులు బాక్స్‌లో (ఇంక్యుబేటర్‌లో) ఉంచారు, మూడు గంటలకోసారి పాలు పిండి ఇచ్చేందుకు నన్ను లోపలికి పిలిచేవాళ్లు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ముందు ముక్కుకు తగిలేది నల్ల ఫినాయిల్ వాసనే. పొద్దున్నే ఆయమ్మ నేల తుడిచేది, తలుపులన్నీ మూసి ఏసీ వేసి ఉండేది, నా గొంతు మండేది. ఎంత శుభ్రంగా ఉంచుతున్నారో అని మొదట్లో సంతోషపడ్డాను కూడా.

మూడో రోజు, బిడ్డ పొట్ట ఎగసిపడటం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి యాభై దాటింది. నాది పదహారు. బరువుతో పోల్చి చూస్తే ఆ పసిది నాకంటే ఎంతో ఎక్కువ గాలి పీలుస్తోంది, చర్మమేమో ఉల్లిపొరలా ఉంది, ఒంట్లోకి పోయినదాన్ని విరిచి బయటికి పంపాల్సిన కాలేయం ఇంకా సరిగా పని మొదలుపెట్టనే లేదు. అప్పటినుంచి ఆ వాసన వస్తే నాకు టెన్షనే.

ఇది ఉత్త భయం కాదు. నల్ల ఫినాయిల్‌లో ఉండేవి ఫినాల్ జాతి రసాయనాలే. 1970లలో అమెరికాలో పసిపిల్లల వార్డుల్లో ఫినాల్ జాతి మందులతో తుడిచిన చోట పిల్లలకు కామెర్లు పెరిగాయని గమనించారు. పిల్లలు లోపల ఉండగా ఇంక్యుబేటర్లను, ఉయ్యాలలను వాటితో తుడవొద్దని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. మా బిడ్డనూ నీలం లైటు కింద పెట్టారు, కానీ నెలలు నిండని పిల్లలకు కామెర్లు మామూలే, ఫినాయిల్ వల్లే వచ్చాయని నేననను.

సిస్టర్‌ను అడిగాను. ఆమె విసుక్కోలేదు, డాక్టరుకు చెప్పింది, రెండు రోజులకు సబ్బునీళ్లతో తుడవడం మొదలైంది. ఇంకో మాట కూడా ఆమే నేర్పింది: చేతులకు శానిటైజర్ రాసుకుని తడి ఆరకముందే బాక్స్‌లో పెట్టొద్దమ్మా, ఆ స్పిరిట్ ఆవిరి లోపలే నిలుస్తుంది, పూర్తిగా ఆరేదాకా రుద్దుకుంటేనే క్రిములూ చస్తాయి అని. అందుకని శానిటైజర్ మానేయకండి, ఇన్ఫెక్షన్ వస్తే ఈ పిల్లలు తట్టుకోలేరు. ఆ అర నిమిషం ఆగండి, అంతే.

ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. అత్తమ్మ ప్రేమగా దాచిన పాత కాటన్ చీరల గుడ్డలు పెట్టెలోంచి తీసింది, గుప్పున కలరా ఉండల వాసన. వాటిలో సాధారణంగా ఉండేది నాఫ్తలీన్. జీ సిక్స్ పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకైతే ఆ గుడ్డల్లో చుట్టినా రక్తకణాలు చితికి కామెర్లు ముదరొచ్చు, ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేస్తే గానీ తెలియదు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ కూడా వద్దన్నాను. "మీ ఆయన్ను ఆ పొగలోనే పెంచిన బిడ్డా" అంది అత్తమ్మ, బాధపడింది. పొగ మీద రెండు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు.

మూడో రోజు చూస్తే గుడ్డలన్నీ ఉడకబెట్టి దండెం మీద ఎండలో వేసింది. సాయంత్రం ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, వాసన పోని రెంటిని ఇల్లు తుడవడానికి పక్కన పడేసింది.