కనిగిరి నీళ్లు, ఆవర్తన పట్టిక, నా డీఎస్సీ

డిగ్రీ అయి, పెళ్లయి, పిల్లోడు బడికి పోయే వయసొచ్చాక మళ్లీ కెమిస్ట్రీ పుస్తకం పట్టుకున్నాను. స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ సైన్స్ పోస్టుకు డీఎస్సీ రాద్దామని. ఫిజిక్స్ ఎట్లాగో లాక్కొచ్చాను. ఆవర్తన పట్టిక దగ్గరకొచ్చేసరికి టెన్షన్ మొదలైంది.

ఒంగోలులో నేను చేరిన కోచింగ్‌లో ఈ పాఠాన్ని ఒక్క పూటలో ముగించారు. ఒక్కో గ్రూపుకు, అంటే ఒక్కో నిలువు వరుసకు, ఒక్కో తమాషా వాక్యం చెప్పి, బట్టీ పట్టుకోమన్నారు. పట్టాను. లిథియం కింద సోడియం, దాని కింద పొటాషియం అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ పరీక్షలో వరస చెప్పమని ఎవరడుగుతారు? సోడియం, మెగ్నీషియంలలో రెండో అయనీకరణ శక్తి, అంటే ఒక ఎలక్ట్రాన్ పోయాక రెండోదాన్ని ఊడదీయడానికి కావలసిన శక్తి, దేనికి ఎక్కువ అని అడుగుతారు. దానికి ఆ వాక్యాలు ఏ మాత్రం అక్కరకు రావు.

మెటీరియల్ పక్కన పెట్టి, మా అక్క కూతురి పదో తరగతి పుస్తకం తెచ్చుకున్నాను. తెల్ల చార్టు మీద 7 అడ్డ వరుసలు, 18 నిలువు వరుసలు గీసి, గళ్లు ఖాళీగా ఉంచాను. మూలకం పేరు రాసే ముందు దాని ఎలక్ట్రాన్ విన్యాసం (ఏ కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లో) రాయాలి, అప్పుడే గడిలో చోటు. ఇది నాకు నేను పెట్టుకున్న షరతు. విసుగ్గా ఉంటుంది కానీ కాల్షియం దాకా వచ్చేసరికి సంగతి తేటపడుతుంది. ఒకే నిలువు వరుసలో ఉన్నవాటికి చివరి కక్ష్యలో ఎలక్ట్రాన్ల లెక్క ఒకటే, హీలియం ఒక్కటి తప్ప. గుణాలు కలిసేది అందుకే.

ఎడమ నుంచి కుడికి పోతుంటే కేంద్రకంలో ప్రోటాన్లు పెరుగుతాయి, కొత్త ఎలక్ట్రాన్లు మాత్రం ఉన్న కక్ష్యలోనే సర్దుకుంటాయి. లాగే బలం పెరిగి పరమాణువు ముడుచుకుంటుంది. సోడియం వ్యాసార్థం 186 పికోమీటర్లయితే, అదే పీరియడ్‌లో (అడ్డ వరుసలో) ఉన్న క్లోరిన్‌ది 99. కిందికి దిగితే ప్రతి వరుసకూ ఓ కక్ష్య చేరి సైజు పెరుగుతుంది. ఇక ఇందాకటి ప్రశ్నకు జవాబు బట్టీతో పని లేకుండా వచ్చేస్తుంది. ఒక ఎలక్ట్రాన్ పోగానే సోడియం, కక్ష్య పూర్తిగా నిండిన నియాన్ విన్యాసంలో కుదురుకుంటుంది. దాన్నుంచి రెండోది లాగాలంటే మెగ్నీషియం కంటే మూడింతల పైగా శక్తి కావాలి.

మాది ఉమ్మడి ప్రకాశంలో కనిగిరి వైపు. ఫ్లోరైడ్ మాట తెలియని ముసలమ్మ మా వైపు ఉండదు. పళ్ల మీద గోధుమ రంగు చారలు, వంగిన కాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. నేను ఫ్లోరిన్, క్లోరిన్ ఉండే 17వ గ్రూపు చదువుతుంటే అమ్మ అడిగింది: "సముద్రం నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పని తెలుస్తుంది. మన బోరు నీళ్లు రుచిగానే ఉంటాయి గదా, ఎముకల్ని ఎట్లా తినేస్తాయే?"

మంచి ప్రశ్న. ఎముకలో, పంటిలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజంలో హైడ్రాక్సిల్ అయాన్లు ఉంటాయి. ఫ్లోరైడ్ అయాన్‌కు దాదాపు అదే సైజు, అదే ఒక్క ఋణావేశం. అందుకే ఆ చోట్లోకి దూరిపోగలదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదనే హద్దు ఉన్నది ఇందుకే. ఉప్పులో ఉండే క్లోరైడ్ పెద్దది, అంత తేలిగ్గా అక్కడ ఇమడదు. దాంతో మనం రోజూ ఉప్పు తింటున్నాం. అమ్మకు ఇదంతా చెబితే "అయితే క్యాన్ నీళ్లు మానకూడదన్నమాట" అంది.

అప్పటినుంచి ఆ నిలువు వరుస నాకు ఇంటి సంగతైపోయింది. పైన మా బోర్లలోని ఫ్లోరిన్. దాని కింద నెల్లూరు జిల్లా ఇసకపల్లి ఉప్పు మడుల్లోని క్లోరిన్. ఉప్పు తీసేశాక మిగిలే చేదు నీళ్లలో బ్రోమిన్. ఆ నీళ్లలోకి క్లోరిన్ వాయువు పంపి బ్రోమిన్‌ను బయటికి తోస్తారు, పైనున్నది కిందిదాన్ని నెట్టేస్తుంది కాబట్టి. ఆ కింద ప్యాకెట్ ఉప్పులో కలిపే అయోడిన్. మొదటి రెండూ వాయువులు, మూడోది ద్రవం, నాలుగోది ఘనం.

ఒక చిక్కు ఉంది, పరీక్షల్లో దీన్ని వదలరు. ఋణవిద్యుదాత్మకత, అంటే బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం, ఫ్లోరిన్‌కే అందరికంటే ఎక్కువ. ఎలక్ట్రాన్ ఎఫినిటీ, అంటే ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి, మాత్రం మోల్‌కు క్లోరిన్‌ది 349 కిలోజౌళ్లు, ఫ్లోరిన్‌ది 328. ఫ్లోరిన్ మరీ చిన్నది, లోపలున్న ఎలక్ట్రాన్లు కొత్తదాన్ని నెట్టేస్తాయి.

కోచింగుల్లో చరిత్రను ఒక మార్కు బిట్టుగా చూస్తారు. నాకైతే అదే ఎక్కువ పనికొచ్చింది. 1869లో ఈ పట్టికను రూపొందించిన మెండలీవ్ దగ్గర 63 మూలకాలే ఉన్నాయి, ఎలక్ట్రాన్ సంగతే ఎవరికీ తెలియదు. టెల్లూరియం పరమాణు భారం 127.6, అయోడిన్‌ది 126.9. భారం ప్రకారమైతే అయోడిన్ ముందు రావాలి. ఆయన గుణాలు చూసి దాన్ని బ్రోమిన్ కిందే ఉంచాడు. 1913లో మోస్లే ఎక్స్ కిరణాలతో పరమాణు సంఖ్యలు (ప్రోటాన్ల లెక్క) తేల్చాక ఆ క్రమానికి కారణం దొరికింది: టెల్లూరియం 52, అయోడిన్ 53. 1875లో గాలియం దొరికినప్పుడు సాంద్రత 4.7 అన్నారు. పట్టికలో దాని చోటును బట్టి 5.9 దగ్గర ఉండాలి, మళ్లీ చూడండన్నాడు మెండలీవ్. శుద్ధిచేసి కొలిస్తే 5.9 వచ్చింది. చేతిలో పదార్థం లేకుండా అంత మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి!

పట్టిక మధ్యలో ఉండే డి బ్లాకు దగ్గర నా పద్ధతి సగమే పారింది. క్రోమియం, కాపర్ విన్యాసాలు లెక్క తప్పుతాయి. సగం నిండిన, పూర్తిగా నిండిన ఆర్బిటాళ్లకు (కక్ష్యలో ఎలక్ట్రాన్లుండే చోట్లకు) స్థిరత్వం ఎక్కువంటుంది పుస్తకం. మరి క్రోమియం గ్రూపులోనే ఉన్న టంగ్‌స్టన్ ఎందుకట్లా చేయదో ఆ పుస్తకంలో లేదు. క్రోమియం, కాపర్ రెండింటినీ, పట్టిక కింద విడిగా వేసే లాంథనైడ్ల వరుసనూ మాత్రం బట్టీ పట్టేశాను.