పాత తీగల తరఫున

మన బడి బ్యాచ్ మళ్ళీ కలిసే సందర్భంగా వేస్తున్న సంచికకి ఏదో ఒకటి రాయమని కమిటీ వాళ్ళు వెంటపడుతున్నారు. టీచర్ల గురించీ, పరీక్షల గురించీ, ఆటల గురించీ రాయడానికి మన బ్యాచ్‌లో చెయ్యి తిరిగినవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి అవన్నీ వాళ్ళకే వదిలేస్తున్నా. నాకు బడి అంటే మ్యూజిక్ రూమ్, మ్యూజిక్ రూమ్ అంటే అందులో ఎవరూ ముట్టుకోని, నాలుగు లావు తీగలతో మంద్రంగా పలికే ఆ బేస్ గిటార్. అక్కడ పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు, అందుకే ఈ వ్యాసంలో కొంత బడి జ్ఞాపకం, మిగతాదంతా తీగల పురాణం. ఓపిక లేనివాళ్ళు పేజీ తిప్పేయొచ్చు, ఏమీ అనుకోను.

అప్పట్లో అందరికీ ఆరు తీగల గిటారే కావాలి. డ్రమ్స్ దగ్గర కొట్లాట, కీబోర్డు దగ్గర వరస. బేస్ మాత్రం గోడకి ఆనుకుని ఉండేది. ఎవరైనా మీటి చూసి "ఇది పాడైపోయిందిరా, సౌండే రావట్లేదు" అని పక్కన పెట్టేసేవాళ్ళు. పాడవలేదు పాపం, లోపల డొల్ల లేని గట్టి చెక్క, ఆంప్‌కి (అదే, చప్పుడు పెంచే పెట్టెకి) కలపకుండా వాయిస్తే ఎంత మంచి బేస్ అయినా అంతే. నేను పొడుగు, చేతులు ఇంకా పొడుగు. మాస్టారు ఓ రోజు నన్ను ఎగాదిగా చూసి "నీకు ఇది సరిపోతుందిరా" అని మెడలో తగిలించారు. నాలో ఏదో ప్రతిభ కనిపెట్టి ఎంచుకున్నారని చెప్పుకోవాలని ఉంటుంది గానీ, జరిగింది ఇదీ.

పొడుగు చేతుల సంగతి వేళాకోళం కాదు. మామూలు బేస్ మీద మెడ చివరనుండే నట్ నుంచి కింద తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జ్ దాకా తీగ పొడవు 34 అంగుళాలు, ఎలక్ట్రిక్ గిటార్ మీద చూస్తే 25కి కాస్త అటూ ఇటూ. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్లో, అంటే ఫ్రెట్లలో, మొదటివాటి దగ్గర చిన్న పిల్లల వేళ్ళు చాలవు. ఈ 34 అంగుళాల లెక్క గిటార్లు చేసే లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌తో స్థిరపడిపోయింది. ఎలక్ట్రిక్ బేస్ ఆలోచన అంతకుముందే, 1930లలో పాల్ టుట్మార్క్ అనే ఆయనకి వచ్చింది, ఫ్రెట్లు పెట్టి చేశాడు కూడా, కానీ జనం పట్టించుకోలేదు. ఫెండర్ వచ్చేదాకా మంద్రస్థాయి పని అంతా మనిషంత ఎత్తు డబుల్ బేస్‌దే. దాన్ని మోసుకు తిరగడం ఒక ఎత్తు, డ్రమ్స్, ట్రంపెట్ల మధ్య వినిపించేలా చెయ్యడం ఇంకో ఎత్తు.

ఇక తీగలు. మన బడి బేస్‌కున్న తీగలు ఎప్పటివో మాస్టారికే తెలీదు. వాటి మీద చుట్టిన సన్న తీగ సందుల్లో ఎందరి చెమటో, ఎందరి వేళ్ళ మురికో పేరుకుపోయి నల్లగా ఉండేవి. కాసేపు వాయిస్తే వేళ్ళకి అంటిన ఇనుప వాసన సబ్బుతో కడిగినా పోయేది కాదు. అన్నిటికంటే లావైన ‘ఇ’ తీగ మీటితే "డుమ్" అని ఒక్క మాట అని ఊరుకునేది. గలగల లేదు, మెరుపు లేదు, సాగడం అసలే లేదు. ఇంట్లో వినే రికార్డుల్లో బేస్ ఖంగుమంటుంటే మనదేమో బొంగురు గొంతుతో మూలుగుతుందేమిటా అని నాకు తెగ చిరాకు.

తీగలు అలా ఎందుకు చచ్చిపోతాయో చాలాకాలానికి గానీ నాకు అర్థం కాలేదు. తీగ పలికే స్వరం దాని పొడవు, బిగువు, బరువు ఈ మూడింటి మీదే ఆధారపడుతుందని 1630లలోనే మెర్సెన్ అనే ఫ్రెంచి పండితుడు తేల్చి రాసిపెట్టాడు. గిటార్ లావు తీగ సెకనుకి 82 సార్లు ఊగితే, బేస్ లావు తీగ అందులో సగం, 41 సార్లు ఊగాలి. పొడవూ బిగువూ మార్చకుండా ఒక స్థాయి కిందికి దించాలంటే తీగ బరువు నాలుగింతలు కావాలి. సరే, లావుపాటి స్టీలు తీగ ఒకటి వేసేస్తే పోలా అంటే కుదరదు, అంత లావు తీగ కడ్డీలా బిర్రుగా ఉండి స్వరంతో పాటు దాని పైన సన్నగా పలికే అనుస్వరాలు (ఓవర్‌టోన్లు) లెక్క తప్పి అపశ్రుతిగా వినిపిస్తాయి. అందుకని లోపల సన్నటి స్టీలు తీగ, దాని చుట్టూ నికెల్ పూత తీగో, స్టెయిన్‌లెస్ స్టీలు తీగో పొరలుపొరలుగా చుడతారు. బరువు వస్తుంది, వంగే గుణం పోదు. ఆ చుట్ల సందుల్లోకే మన చెమటా మురికీ దూరి కూర్చునేది. ముందు పోయేది పై అనుస్వరాలు, అంటే మెరుపు. అసలు స్వరం మాత్రం ఉంటుంది. మన "డుమ్" అదన్నమాట.

తీగల్ని నీళ్ళల్లో వేసి మరిగిస్తే మురికి వదిలి మళ్ళీ కొత్తవాటిలా పలుకుతాయని సీనియర్ ఒకడు చెప్పాడు. నిజమే, పలుకుతాయి, కొన్నాళ్ళే. తర్వాత మళ్ళీ మామూలే, పైగా విప్పి బిగించడంలో తెగిపోయే ప్రమాదం ఒకటి. ఇప్పటికీ చేసేవాళ్ళున్నారు, నేను మానేశాను.

మాస్టారు మాత్రం తీగలు మార్చనివ్వలేదు. డబ్బుల్లేకో, నిజంగానే అలా ఇష్టమో నాకు తెలీదు. ఆయన నేర్పినదంతా నోటు, అంటే స్వరం, ఎలా మొదలుపెట్టాలని కాదు, ఎక్కడ ఆపాలని. డ్రమ్స్ వాడి స్నేర్ (చురుక్కుమనే చిన్న డ్రమ్ము) దెబ్బ పడేలోపు నీ నోటు ఆగిపోవాలి, ఆ దెబ్బకి దారివ్వాలి అనేవారు. ఎడమచేతి వేలు ఫ్రెట్ మీద నుంచి ఎత్తీ ఎత్తకుండా, తీగ మీదే ఆనించి ఉంచి చప్పుడు చంపడం, కుడిచేతి బొటనవేలు లావు తీగ మీద వాల్చి అది ఊరికే మోగకుండా చూడడం, ఇవే గంటల తరబడి. స్కేళ్ళు వాయిస్తానంటే "తర్వాత చూద్దాంలే" అనేవారు. పక్కన గిటార్ వాళ్ళు సోలోలు నేర్చుకుంటుంటే నేను మాత్రం చప్పుడు ఆపడం నేర్చుకుంటున్నా.

బడి వదిలేశాక, చేతిలో కాసిని డబ్బులు ఆడాక, నేను చేసిన మొదటి పని మెరిసే స్టీలు రౌండ్‌వౌండ్ తీగలు కొనడం. ఇవి పైన గుండ్రటి తీగ చుట్టినవి, వేలితో రాస్తే గరగరలాడతాయి. 1960ల మధ్య దాకా బేస్ వాయించేవాళ్ళకి దొరికేవి ఎక్కువగా ఫ్లాట్‌వౌండ్‌లే, అంటే పైన చదునైన రేకు చుట్టిన నున్నటివి. ‘ద హూ’ అనే రాక్ బృందంలో బేస్ వాయించే జాన్ ఎంట్విసల్‌కి పియానో తీగల మోత కావాలి. ఆయన తీగలు చేసే రోటోసౌండ్ కంపెనీ వాళ్ళతో కూర్చుని చేయించుకున్న తీగల నుంచే ఈ ఖంగుమనే రాక్ బేస్ అంతా మొదలైంది. జాకో పాస్టోరియస్ అనే ఇంకో బేస్ వాద్యకారుడు అయితే అవే రౌండ్‌వౌండ్‌లని ఫ్రెట్లు పీకేసిన జాజ్ బేస్ (ఫెండర్ వాళ్ళదే ఇంకో రకం) మీద వేశాడు. అలా వేస్తే తీగలు చెక్కని అరగదీసేస్తాయి కాబట్టి చెక్క మీద ఎపాక్సీ పూత వేయించాడు, ఆ పూత వల్ల ఫ్రెట్లు లేని బేస్‌కుండే ఆ పాడే గొంతు ఇంకా బాగా తేలింది. 1976లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్ విన్నాక చాలామంది బేస్ వాళ్ళు బేస్ అమ్మేద్దామా అనుకున్నారట, నాకూ కొన్నాళ్ళు అలాగే అనిపించింది.

ఆ కొత్త తీగలతో కొంతకాలం బాగానే గడిచింది. తర్వాత అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీ పాటలు వరసపెట్టి వినడం మొదలైంది, వాటికి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ వేళ్ళు చెవిలో పడ్డాయి. వేళ్ళు కాదు, వేలు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే అదంతా వాయించేవాడు. 1962 ప్రెసిషన్ బేస్, దాని మీద లావుపాటి ఫ్లాట్‌వౌండ్‌లు, బ్రిడ్జ్ మూత కింద ఒక స్పాంజి ముక్క. తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదట. చాలాకాలం ఆల్బమ్ అట్టల మీద ఆయన పేరే ఉండేది కాదు, ఆయన 1983లో పోయాక, 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆ రికార్డుల్లో బేస్ ఒక్కదాన్నే చెవి పెట్టి వింటే ఏముంటుందనుకున్నారు? "డుమ్". మన మ్యూజిక్ రూమ్ "డుమ్". లావుగా, పొట్టిగా, ఎక్కడ ఆగాలో తెలిసినది. అప్పుడు మాస్టారికి ఒక ఉత్తరం రాయాలనిపించింది, రాశాను కూడా. "వేళ్ళు కాయలు కాచాయా లేదా?" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది.

జేమర్సన్ ఒక్కడే కాదు. కేరల్ కే అనే ఆవిడ అమెరికాలో స్టూడియోల్లో గిటార్ వాయించుకుంటూ ఉంటే, 1963 ప్రాంతంలో ఒక రికార్డింగ్‌కి బేస్ మనిషి రాకపోవడంతో ఆ పని ఈవిడ మీద పడింది. పిక్ అనే చిన్న బిళ్ళతో వాయిస్తూ, తీగల మీద ఫెల్ట్ ముక్క బిగించి, నోటు ఎక్కువసేపు సాగకుండా చూసుకునేది. బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ వయొలిన్ ఆకారం హోఫ్నర్ బేస్ అయితే తేలికగా, లోపల డొల్లగా, 30 అంగుళాల తీగతో ఉంటుంది, దాని గొంతు కూడా పొట్టిదే. ఆయన 1961లో కొన్న ఆ బేస్ 1972లో దొంగల పాలై 50 ఏళ్ళ తర్వాత దొరికిందని 2024లో చదివినప్పుడు, ఎవరో తప్పిపోయిన చుట్టం ఇంటికొచ్చినంత సంబరపడ్డాను. ఇంట్లోవాళ్ళకి ఎందుకో అర్థం కాలేదు.

మన పాటల్లో నేను బేస్ వినడం మొదలుపెట్టింది ఇళయరాజా దగ్గర. ప్రతి వాయిద్యానికీ ఏం వాయించాలో ఆయనే కాగితం మీద రాసిస్తారు కాబట్టి బేస్‌కి మిగిలిపోయిన పని అంటూ ఉండదు, గొంతు ఒక దారిన వెళ్తుంటే బేస్ కింద తన దారిన ఇంకో పాట పాడుకుంటూ పోతుంది. చరణం మొదట్లో గాయకుడు ఊపిరి తీసుకునే సందులో బేస్ రెండు నోట్లు ఎక్కడం విన్నారా? ఈసారి వినండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు. ఆ చిన్న స్పీకర్ 41 సార్ల ఊపుని పలికించలేదు. పైన ఉన్న 82, 123 లాంటి అనుస్వరాలు విని మన బుర్ర అసలు స్వరాన్ని ఊహించుకుంటుంది, అంతే. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తెలిసిన పాటే వేరేగా ఉంటుంది.

వార్షికోత్సవం రోజు మీలో ముందు వరసలో కూర్చున్నవాళ్ళు చెవులు మూసుకుంటే, మధ్యలో వాళ్ళు "బేస్ ఆన్ చేశావా?" అని అడిగారు గుర్తుందా? అది నా తప్పూ కాదు, ఆంప్ తప్పూ కాదు. ‘ఇ’ తీగ పుట్టించే ధ్వని తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. అది గోడలకి కొట్టుకుని తిరిగొచ్చి కొన్ని చోట్ల తనకి తనే తోడై బలపడుతుంది, కొన్ని చోట్ల తనని తనే చంపుకుంటుంది. మన హాల్లో అది సరిగ్గా మధ్య వరసల్లో చచ్చిపోయేది. ఆ బేస్‌లో ఇంకో చిత్రం కూడా ఉండేది, ‘జి’ తీగ మీద అయిదో ఫ్రెట్ నోటు మిగతా నోట్లకంటే త్వరగా ఆరిపోయేది. ఆ స్వరం దగ్గర చెక్క మెడ కూడా తీగతో పాటు ఊగి దాని బలం లాగేసుకుంటుంది. బోల్టులతో మెడ బిగించిన బేస్‌లలో చాలావాటికి ఆ చుట్టుపక్కలే ఈ జబ్బు. తల దగ్గర చిన్న క్లాంప్ బిగిస్తే ఆ చోటు మారుతుంది, పోదు. ఎంత డబ్బు పోసినా పోని బేస్‌లు చూశాను.

ఇప్పుడు నా దగ్గర రెండున్నాయి. ప్రెసిషన్ రకం ఒకటి, దాని మీద ఫ్లాట్‌వౌండ్‌లు, వేసింది మొదలు ముట్టుకోలేదు. జాజ్ రకం ఇంకొకటి, రౌండ్‌వౌండ్‌లు, లావు తీగ 105, సన్నది 45, ఇవి అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. బొటనవేలితో కొట్టి, చూపుడువేలితో లాగి వాయించే స్లాప్ కావాలంటే ఇది తీస్తాను. దాన్ని మొదలుపెట్టిన లారీ గ్రాహమ్ అమ్మ బృందంలో డ్రమ్మర్ లేక ఆ దెబ్బలు తనే కొట్టుకున్నాడట, మనవాళ్ళు మాత్రం డ్రమ్మర్ ఉన్నా ఊరుకోరు. అయిదు తీగల బేస్ ప్రయత్నించాను, కింది ‘బి’ తీగ సెకనుకి 31 సార్లే ఊగుతుంది, మామూలు స్పీకర్లో స్వరం కంటే వణుకే ఎక్కువ. బ్యాటరీతో నడిచే యాక్టివ్ సర్క్యూట్లు కచేరీ మధ్యలో ఆగిపోతాయేమోనన్న టెన్షన్ నాకొద్దు. నచ్చినవాళ్ళు వాడుకోండి, గొడవేం లేదు. తీగలకి మాత్రం ముందు ఖర్చు పెట్టండి, గిటార్‌కి తర్వాత. మంచి తీగలు, సరిగ్గా సర్దిన మెడ ఉంటే చవక బేస్ కూడా మాట వింటుంది. నాలుగు తీగలూ కలిసి ఆ మెడని సుమారు 80 కిలోల బలంతో లాగుతుంటాయి, దాని లోపలున్న ట్రస్ రాడ్ అనే కడ్డీని అప్పుడప్పుడు కాస్త తిప్పి చూసుకోకపోతే మెడ విల్లు వంగినట్టు వంగుతుంది.

మనం కలిసే రోజు సాయంత్రం పాటలు కూడా పెట్టారని విన్నాను. బేస్ నేనే తెచ్చుకుంటా, ఫ్లాట్‌వౌండ్‌లదే. ఆంప్ మీరు చూడండి, 15 అంగుళాల స్పీకర్ ఉంటే చాలు, స్టేజీ మూలకి మాత్రం నెట్టొద్దు, మూలన పెడితే గుమ్మని మోగి ఏ నోటు ఏదో తెలీదు. డ్రమ్స్ వాయించేవాళ్ళు ఎవరైనా ఇంకా చెయ్యి మరిచిపోకుండా ఉంటే కమిటీకి పేరివ్వండి. గిటార్ వాళ్ళు ఎలాగూ డజను మంది వస్తారు.