నిమిషానికి ఎన్ని శ్వాసలు?

మా పాపకు ఐదో నెల నడుస్తుండగా పట్టుకున్న జలుబు మొదటి రెండు రోజులు మామూలు రొంపలాగే ఉంది. ముక్కు కారింది, ఒళ్ళు కాస్త వెచ్చబడింది, ముక్కు దిబ్బడ వల్ల పాలు తాగుతూ మధ్యమధ్యలో వదిలేసి ఏడ్చేది. మూడో రోజు రాత్రి దగ్గు మొదలయ్యాక, వీపు మీద చెయ్యి వేస్తే లోపల కఫం గరగరలాడుతున్నట్టు అరచేతికే తెలిసేది. ఇంటిల్లిపాదిమీ ఆ గరగరకే హడలిపోయాము. అసలు చూడవలసినది మరొకటి ఉన్నదని మరునాడు పిల్లల డాక్టరుగారి దగ్గరకు వెళ్ళేదాకా మాకు తెలియదు.

ఆవిడ వెంటనే స్టెతస్కోపు తీయలేదు. పాపను నా ఒడిలోనే ఉండనిచ్చి, గౌను పైకి తీయించి, ఏడుపు సద్దుమణిగేవరకు ఆగి, చేతిగడియారం వంక ఒక కన్ను వేసి నిండా ఒక నిమిషం పొట్టనే గమనించారు. తరువాత "ఇంట్లో ఎప్పుడైనా శ్వాస లెక్కపెట్టారామ్మా?" అని అడిగారు. పొద్దుటే ఎక్కడో చదివి లెక్కపెట్టి ఉన్నాను కనుక, కాస్త గర్వంగానే 116 అన్నాను. ఆవిడ నవ్వాపుకొని, "పొట్ట లేచినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఒకటి వేసుకుని ఉంటారు. లేచి దిగితే కలిపి ఒకటమ్మా" అన్నారు. అంటే 58. సగం చేసినా ఎక్కువే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దులు నాకు అప్పటినుంచి నోటికి వచ్చు. దగ్గుతోనో ఆయాసంతోనో బాధపడుతున్న బిడ్డ రెండు నెలల లోపుదైతే నిమిషానికి 60, రెండు నెలలు నిండి ఏడాది లోపుదైతే 50, ఏడాది దాటి ఐదేళ్ళ లోపుదైతే 40, ఆ అంకెను చేరినా దాటినా శ్వాస వేగంగా ఉన్నట్టే. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం పసిపిల్లల విషయంలో పనికిరాదు, ఎందుకంటే వాళ్ళు గబగబా కొన్ని శ్వాసలు తీసి, కొద్ది సెకన్లు ఆగి, మళ్ళీ అందుకుంటూ ఉంటారు. ఏడుస్తున్నప్పుడు, జ్వరం కాస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు అంకె ఎలాగూ పెరుగుతుంది కనుక నిద్రపోతున్నప్పుడో, నెమ్మదిగా ఉన్నప్పుడో చూడడం మేలు.

లెక్కతోపాటు ఆవిడ నాకు చూపించినది డొక్కలు ఎగరడం. ఈ మాట మా అమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను గాని, అదేమిటో ఆ రోజుదాకా కళ్ళారా చూడలేదు. మామూలుగా గాలి పీల్చినప్పుడు ఛాతీ, పొట్ట రెండూ కలిసి పైకి లేస్తాయి. పాపకు మాత్రం పొట్ట లేచిన ప్రతిసారీ పక్కటెముకల కింది భాగం లోపలికి గుంటపడుతోంది, ఆ గుంట అంచున చర్మం సన్నగా ముడుచుకుంటోంది. ముక్కుపుటాలు ఎగరేయడం, శ్వాసతోపాటు తల ఊగడం, గాలి వదిలేటప్పుడు మూలిగినట్టు చప్పుడు రావడం కూడా ఆయాసం ముదురుతున్నదనడానికి గుర్తులేనట.

జబ్బు పేరు బ్రాంకియోలైటిస్. ఊపిరితిత్తుల్లోని అతి సన్నని గొట్టాల గోడలు వైరస్ వల్ల వాచి, జిగురుతో, రాలిన కణాలతో పూడుకుపోవడమే ఈ జబ్బు. కారకం ఎక్కువగా ఆర్‌ఎస్‌వీ అనే వైరస్, అది రెండేళ్ళు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఒకసారైనా సోకుతుంది. పెద్దవాళ్ళకు ఒట్టి జలుబుగా పోయేది పసివాళ్ళకు ఇంత కష్టం ఎందుకవుతుందంటే, గాలి సాఫీగా పారే గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే దానికి ఎదురయ్యే నిరోధం ఏకంగా 16 రెట్లు పెరుగుతుంది. మొదటే వెంట్రుకవాసి గొట్టానికి కాస్త వాపు చాలు.

మందుల సంగతి క్లుప్తంగానే చెబుతాను. మూడో రోజునే మరొక క్లినిక్‌లో రాసిచ్చిన యాంటీబయాటిక్ సిరప్పును డాక్టరుగారు ఆపించారు, ఎందుకంటే వైరస్ మీద అది పనిచేయదు. ఈ జబ్బులో, మందును సన్నని తుంపరగా మార్చి పీల్పించే నెబ్యులైజర్ వల్ల కూడా సాధారణంగా ఒరిగేదేమీ లేదన్నారు. ముక్కులో ఉప్పునీటి చుక్కలు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలు, అవసరమైతే ఆక్సిజన్, చికిత్స అంతే. అయితే ఇది చదివి యాంటీబయాటిక్‌లన్నీ వద్దనుకుంటే ప్రమాదం, బాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియాలో బిడ్డ ప్రాణం నిలబెట్టేది అవే. ఏది ఏదో తేల్చవలసింది వైద్యులు, మనం వాళ్ళకు ఇవ్వగలిగింది సరిగా పెట్టిన లెక్క.

పాలు తాగలేకపోవడం, పెదవులు నీలిబారడం, లేపినా మత్తుగా పడి ఉండడం, మధ్యమధ్య ఊపిరి ఆగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా లెక్కపెడుతూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. మూడు నెలల లోపు పసికందుకైతే 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం చాలు, ఆలస్యం చేయకూడదు.

ఈ జబ్బు మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ముదిరి ఆ పైన తగ్గుతుందని ఆవిడ ముందే చెప్పడం వల్ల ఐదో రోజు మేము కంగారుపడలేదు. లెక్క 64కు చేరి, పాలు సగానికి పడిపోవడంతో ఒక రాత్రి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి ఉంచారు. ఎనిమిదో రోజుకు 46. దగ్గు మాత్రం ఇంకో రెండు వారాలు వదలలేదు, చూడవచ్చిన ప్రతివారూ ఏదో ఒక దగ్గుమందు పేరు చెప్పి వెళ్ళారు. రెండేళ్ళ లోపు పిల్లలకు అవి పోయకూడదని అందరికీ వివరించే ఓపిక నాకు లేక, ఊరికే తలూపి, వాళ్ళు వెళ్ళాక పాప గౌను పైకి తీసి మళ్ళీ గడియారం చూసుకునేదాన్ని. శ్వాసల లెక్క రాసుకున్న నా నోటుపుస్తకంలో పదిహేడో రోజు పుటలో "రాత్రంతా దగ్గింది, డొక్కలు లేవు, 38" అని రాసి ఉంది. ఆ తరువాతి పుటలు ఖాళీ.